విమాన చోదకులు - ప్రభుత్వ మధ్యవర్తులు

ఒప్పందపు గడువు తీరినంతనే కార్మికులు సమ్మెకు దిగవచ్చునని మనము సాధారణముగా తలంతుము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో విమాన చోదకుల విషయమున అట్లు జరుగుటకు వీలు లేదు. అచ్చట వారి ఒప్పందమునకు ముగింపు తేదీ లేదు; మార్పులు కోరదగు తేదీ మాత్రమే కలదు. ఆ తేదీ దాటినను, క్రొత్త ఒప్పందము కుదురువరకు పాత జీతములు, పాత నిబంధనలే చెల్లుచుండును.

దీనికి మూలము 1926లో వెలువడిన రైల్వే కార్మిక చట్టము. రైళ్లు నిలిచినచో దేశమే స్తంభించునను భయము దాని వెనుక నున్నది. 1934లో జాతీయ మధ్యవర్తిత్వ మండలి ఏర్పడినది. 1936లో ఈ చట్టమును విమాన సంస్థలకును వర్తింపజేసిరి. మండలి సభ్యులు ముగ్గురు. సెనేటు సమ్మతితో అధ్యక్షుడు వారిని నియమించును. ఒకే రాజకీయ పక్షమువారు ఇద్దరికి మించి ఉండరాదు.

యాజమాన్యమును, చోదకుల సంఘమును మొదట తమలో తామే మాటలాడుకొనవలెను. జీతము, విశ్రాంతి వేళలు, పింఛను మొదలగు విషయములు తేలనప్పుడు ఏ పక్షమైనను మండలిని ఆశ్రయింపవచ్చును. అయితే మధ్యవర్తి తీర్పరి కాడు. ఎవరెంత ఇవ్వవలెనో ఆజ్ఞాపించు అధికారము అతనికి లేదు. ఇరుపక్షములను ఎదురెదురుగా కూర్చుండబెట్టును. వేర్వేరుగా పిలిచి మనసులోని మాట వినును. అతని బలమంతయు కాలములోనే ఉన్నది. మధ్యవర్తిత్వమునకు చట్టము గడువు విధింపలేదు. మండలి విడిచిపెట్టువరకు సమ్మెయు లేదు, లాకౌటును లేదు.

ప్రయత్నము ఫలింపదని తోచినప్పుడు, పంచాయతీ తీర్పునకు ఒప్పుకొనుడని మండలి ఇరువురను కోరును. ఏ ఒక్కరు నిరాకరించినను 30 రోజుల గడువు మొదలగును. అది ముగిసిన పిమ్మటనే సమ్మెకు స్వేచ్ఛ. అప్పటికిని, దేశములో ఏ ప్రాంతమునకైనను ముఖ్యమైన రాకపోకలు నిలిచిపోవునని మండలి తెలిపినచో, అధ్యక్షుడు అత్యవసర సంఘమును నియమించి సమ్మెను మరి 60 రోజులు ఆపవచ్చును.

1997 ఫిబ్రవరి 15వ తేదీన అర్ధరాత్రి దాటగానే అమెరికన్ ఎయిర్‌లైన్సు చోదకులు సమ్మె ప్రారంభించిరి. కొన్ని నిమిషములకే అధ్యక్షుడు క్లింటన్ అట్టి సంఘమును నియమించుటతో సమ్మె ఆగినది. మరుసటి సంవత్సరము నార్త్‌వెస్ట్ చోదకుల సమ్మె మాత్రము సుమారు రెండు వారములు సాగినది.

ఆలస్యము అమృతమును విషము చేయునందురు. ఇచ్చట ఆలస్యమునే ఔషధముగా వాడుచున్నారు. కోపము చల్లారుటకు, ప్రయాణికుల కష్టము తప్పుటకు అది తోడ్పడును. కాని చర్చలు సంవత్సరముల తరబడి సాగిన, పాత జీతముతోనే విమానము నడుపు చోదకునకు అది చేదుగానే ఉండును. విడువవలసిన వేళను గుర్తించుటయే మధ్యవర్తికి అన్నిటికంటె కష్టమైన పని.