మంచం పక్కన నిలిచే చదువు

వైద్యం అనగానే మన కళ్ళముందు డాక్టరు నిలుస్తాడు. ఆయన వెనక నర్సు. కాని ఆసుపత్రిలోగాని, ఇంట్లోగాని రోగి దగ్గర ఎక్కువసేపు ఉండేది వీళ్ళిద్దరూ కాదు. ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించి, పక్క మార్చి, మలమూత్రాలు ఎత్తి, రాత్రి మూలుగు వినపడితే లేచి మంచినీళ్ళిచ్చే మూడో మనిషి ఒకరుంటారు. ఆసుపత్రిలో ఆ మనిషిని ఆయా అనో, వార్డుబాయ్ అనో పిలుస్తాం. ఇంట్లో అయితే ఆ పేరు కూడా ఉండదు. ‘పెట్టుకున్న మనిషి’ అంటాం. ఈ పనికి కూడా ఒక చదువు ఉందనీ, అది పూర్తిచేస్తే సర్టిఫికెట్టు ఇస్తారనీ మన కాలేజీలో ఎంతమందికి తెలుసు? తెలిసినవాళ్ళలో ఎంతమంది తమ చెల్లెలికో తమ్ముడికో అది చదవమని చెబుతారు? ఆ రెండో ప్రశ్నే నాచేత ఈ వ్యాసం రాయించింది.

అవసరం ఎంత?

2011 జనాభా లెక్కల ప్రకారం మనదేశంలో అరవై ఏళ్ళు దాటినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువారే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. మన పల్లెల్లో ఈ సంగతి గ్రహించడానికి లెక్కలు అక్కరలేదు. కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో, కూతురు అత్తవారింట్లో, ఊళ్ళో ముసలి దంపతులు. వారిలో ఒకరికి తుంటి విరిగినా, పక్షవాతం వచ్చినా రెండోవారు లేవదీయలేరు. డాక్టరు తన వైద్యం తాను చేసి ఇంటికి పంపిస్తాడు. ఆ తర్వాత నెలలు, ఏళ్ళు సాగే పని ఎవరు చెయ్యాలి?

ఈ పనికే మన ప్రభుత్వపు కాగితాల్లో రెండు పేర్లున్నాయి. ఆసుపత్రిలో చేసేవారు జనరల్ డ్యూటీ అసిస్టెంట్, ఇంట్లో చేసేవారు హోమ్ హెల్త్ ఎయిడ్. కొద్ది నెలల కోర్సు. తరగతి గదిలో పాఠం, ఆసుపత్రిలో అభ్యాసం రెండూ ఉంటాయి. 2014లో మొదలైన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద వీటిని ఫీజు లేకుండా నేర్పుతూ వచ్చారు. కోవిడ్ విజృంభించిన 2021లో ఇళ్ళలో రోగులను చూసుకునేవారి కోసం దేశమంతటా ప్రత్యేకంగా క్రాష్ కోర్సులు పెట్టవలసి వచ్చింది. అవసరం నెత్తిమీదికి వచ్చాకగాని ఆ మూడో మనిషి మనకు గుర్తురాలేదన్నమాట.

ఇందులో సైన్సు ఏముంది?

‘ఒళ్ళు తుడవడానికి చదువెందుకు?’ అని అడిగేవాళ్ళున్నారు. బి.ఎస్‌సి. విద్యార్థిగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

మంచం పట్టినవారికి వచ్చే పుండ్లనే తీసుకుందాం. మన శరీరంలోని కేశనాళికల్లో రక్తపీడనం చాలా తక్కువ. ధమని వైపు కొసలో కూడా అది సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. మనిషి కదలకుండా పడుకుంటే నడుము కింది ఎముక, తుంటి, మడమ, భుజం వెనక భాగం పరుపుకు ఒత్తుకుంటాయి. ఆ ఒత్తిడి లోపలి పీడనాన్ని మించితే అక్కడికి రక్తం అందదు. ప్రాణవాయువు లేక కణాలు చనిపోతాయి. ముందు చర్మం ఎర్రబడుతుంది, తర్వాత చిట్లుతుంది, చివరికి ఎముక దాకా పుండు పడుతుంది. దీనికి మందుకన్నా మేలైన ఉపాయం, పుండు పడకముందే సుమారు రెండు గంటలకొకసారి పక్క మార్చడం. ఎర్రబడిన చోటును మొదటిరోజే గుర్తించి నర్సుకు చెప్పడం. అది గుర్తించవలసిన కన్ను డాక్టరుది కాదు, రోజూ ఒళ్ళు తుడిచే మనిషిది.

అన్నం తినిపించడం కూడా అంతే. మింగేటప్పుడు శ్వాసనాళం మూసుకోవాలి. పక్షవాతం వచ్చినవారిలో ఆ కండరాలు బలహీనపడి ఉండవచ్చు. పడుకోబెట్టి గబగబా తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. కూర్చోబెట్టాలి, చిన్న ముద్దలు పెట్టాలి, ఒకటి మింగాకనే మరొకటి పెట్టాలి, తిన్న తర్వాత కొంతసేపు కూర్చోబెట్టే ఉంచాలి. ఇక చేతులు కడుక్కోవడం సంగతి. వియన్నా ప్రసూతి వార్డులో 1847లో సెమ్మెల్‌వైస్ డాక్టర్లచేత క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడిగించాక బాలింతల మరణాలు కొద్ది నెలల్లోనే బాగా పడిపోయాయి. అది వైద్యచరిత్రలో గొప్ప ఘట్టం. అదే పని రోజుకు ఇరవైసార్లు చేసేవారిని మాత్రం మనం చదువుకున్నవారిగా లెక్కపెట్టం.

మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి మూడేళ్ళు మంచంలో ఉంది. గేదెల పాలు తీసి, పొలానికి వెళ్ళేముందు మా అమ్మ ఆవిడ పక్క మార్చేది. బరువు మనిషి కావడంతో ఇంకొకరు సాయం పట్టందే కదిలేది కాదు. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి మానేసిన ఒక పెద్దమ్మ మా వీధిలోనే ఉండేది. ఆవిడ వచ్చి, నడుము కింద అడ్డంగా ఒక దుప్పటి మడతవేయించింది. అవతలి మోకాలు మడిచి, చెయ్యి గుండెమీద పెట్టి, భుజం దగ్గరా తుంటి దగ్గరా పట్టి మన వైపుకు దొర్లించడం చూపించింది. మడిచిన మోకాలు తులాదండంలా పనిచేస్తుంది. ఆ రోజునుంచి అమ్మ ఒక్కతే నాయనమ్మను తిప్పగలిగింది. చదువంటే ఇదీ అనిపించింది నాకు. అప్పటిదాకా ఆ పెద్దమ్మను ఊళ్ళో ఎవరూ ఏమీ అడిగిందీ లేదు.

పిల్లలు ఎందుకు రారు?

మా ఊరి అమ్మాయి ఒకామె ఇంటర్ తర్వాత ఈ కోర్సు చదివి పట్నంలో పనిచేస్తోంది. ఎవరైనా అడిగితే ఆమె తల్లిదండ్రులు ‘కంప్యూటర్ ఉద్యోగం’ అని చెబుతారు. మొదటి కారణం ఇక్కడే ఉంది: సిగ్గు. మలమూత్రాలు ముట్టుకునే పనిని మన సమాజం తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టి, ఆ పనినీ ఆ మనుషులనూ కలిపి తక్కువ చేసింది. కోర్సు పేరు ఇంగ్లీషులో పెట్టినంతమాత్రాన ఆ మచ్చ పోదు.

రెండవది భయం. ఆడపిల్లను ముక్కూమొహం తెలియని ఇంట్లో రాత్రింబవళ్ళు ఉంచాలంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? చాలాచోట్ల పనివేళలు ఉండవు, సెలవు ఉండదు. రోగి ఇంటివారిచ్చే డబ్బులో ఏజెన్సీ ఎంత తీసుకుంటుందో పిల్లకు చెప్పరు.

మూడవది, మెట్లు లేకపోవడం. ఈ సర్టిఫికెట్టుతో రెండేళ్ళు రోగులకు సేవ చేసినా, ఎ.ఎన్‌.ఎం. గాని, జి.ఎన్‌.ఎం. గాని చదవాలంటే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టవలసిందే. చేసిన పని లెక్కలోకి రాదు. ఎదుగూ బొదుగూ లేని కొలువులోకి తెలివైన పిల్ల ఎందుకొస్తుంది?

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో వృద్ధుల నర్సింగ్ హోముల దుస్థితిమీద 1986లో పెద్ద నివేదిక వెలువడింది. ఆ మరుసటి ఏడు, 1987లో చేసిన చట్టం నర్సింగ్ సహాయకులకూ, ఇళ్ళలో పనిచేసే సహాయకులకూ కనీసం 75 గంటల శిక్షణ ఉండాలన్నది. నర్సింగ్ హోములో పనికి కుదిరినవారి దగ్గర శిక్షణకు డబ్బు తీసుకోకూడదు. ముందే సొంత డబ్బుతో నేర్చుకుని ఏడాదిలోపు కుదిరితే ఆ ఖర్చు తిరిగి రావాలి. అదే 1987లో జపాన్ ఈ పనికి కొత్త పేరు పెట్టి, చట్టం చేసి, దేశమంతటికీ వర్తించే అర్హతగా మార్చింది. 2000లో దీర్ఘకాల సంరక్షణ బీమా తెచ్చి, ఈ సేవకయ్యే ఖర్చులో ఎక్కువ భాగం ఆ బీమా భరించేట్టు చేసింది.

అయినా ఈ రెండు దేశాల్లోనూ మనుషుల కొరత తీరలేదు. నేర్చుకున్నవారు కూడా తక్కువ జీతానికి, నడుములు విరిగే చాకిరీకి నిలవలేక వేరే పనులకు పోతున్నారు. కనుక శిక్షణ ఉచితం చేస్తే తలుపు తెరుచుకుంటుందేగాని, లోపలికి వచ్చినవారు నిలబడాలంటే జీతం, గౌరవం, మెట్లు మూడూ కావాలి.

ఏం చేస్తే వస్తారు?

మొదట, నిజం చెప్పాలి. తెల్లకోటు బొమ్మవేసి ‘వంద శాతం ఉద్యోగం’ అని గోడలకు అంటించే పోస్టర్లను మా పల్లెల్లో ఎవరూ నమ్మరు. అదే పని చేస్తున్న ఒక అక్కను హైస్కూలుకో జూనియర్ కాలేజీకో తీసుకెళ్ళి, జీతమెంతో, కష్టమేమిటో ఆమె నోటనే చెప్పించాలి. చేరేముందు రెండు మూడు రోజులు వార్డులో తిప్పి చూపించాలి. ఇష్టపడినవారే చేరితే సగంలో మానేసేవారు తగ్గుతారు.

రెండు, చేర్చుకునేముందే జీతం, పనివేళలు, సెలవు, వసతి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంట్లో పనికి పంపిన పిల్లను వారానికోసారైనా వెళ్ళి చూసివచ్చే బాధ్యత శిక్షణ ఇచ్చినవారు తీసుకోవాలి. అప్పుడే తల్లిదండ్రుల భయం తగ్గుతుంది.

మూడు, మెట్లు కట్టాలి. వృత్తి శిక్షణనూ, పని అనుభవాన్నీ చదువులో క్రెడిట్లుగా లెక్కించవచ్చునని 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ చెబుతున్నది. దారి కాగితంమీద ఉంది. నర్సింగు స్కూళ్ళు ఆ క్రెడిట్లను ఒప్పుకుని సీట్లు ఇస్తేనే అది నడిచే దారి అవుతుంది. నాలుగు, మగపిల్లలను కూడా పిలవాలి. బరువైన మగరోగిని ఎత్తి కూర్చోబెట్టడానికి ఆడపిల్లనే పంపడం ఏం న్యాయం?

మన కాలేజీ చేయగలిగింది కూడా ఉంది. ఎన్‌.ఎస్‌.ఎస్‌. శిబిరంలో రోడ్లు ఊడవడంతోపాటు ఒకరోజు పక్క మార్చడం, తినిపించడం నేర్పించవచ్చు. మా జువాలజీ లెక్చరర్లు కేశనాళికల పాఠం ఎంతో బాగా చెబుతారు. ఆ పాఠం చివర మంచం పుండు గురించి పది నిమిషాలు చెబితే చాలు. డాక్టర్లుగా, నర్సులుగా స్థిరపడిన పూర్వవిద్యార్థులు తమ ఆసుపత్రుల్లో ఈ సహాయకులను పేరుపెట్టి పిలిచి, వాళ్ళు గమనించి చెప్పిన మాటను కేసుషీటులో రాయిస్తే, అంతకుమించిన ప్రచారం మరొకటి అక్కరలేదు.

విత్తనం ఎంత లోతున వెయ్యాలో, ఏ పదునులో దున్నాలో తెలిసిన రైతును కూడా ‘చదువురాని వాడు’ అనే అంటారు. చేతిలో ఉన్న విద్యను విద్యగా ఒప్పుకోకపోవడం మనకు పాత అలవాటు. దానివల్ల నష్టపోయేది ఆ చేతులు మాత్రమే కాదు. రేపు మంచాన పడేది మన తల్లిదండ్రులు, ఆపైన మనం. ఆనాడు పక్కన నిలిచే మనిషి తన పనేమిటో తలెత్తుకుని చెప్పుకోగలగాలంటే, ఆ గౌరవం ఇవాళ మన నోటినుంచే మొదలవ్వాలి.