పాత కారు బేరం, దాచిన లోపం

పొగాకు వేలం ముగిసి, మిరప కల్లాల నుంచి యార్డుకు చేరి, రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజుల్లో సింగరాయకొండ, టంగుటూరు, కందుకూరు ప్రాంతాల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "ఎక్కడైనా మంచి బండి ఉంటే చూడండి." కొత్త కారు కొనే స్తోమత అందరికీ ఉండదు. వృద్ధులైన తల్లిదండ్రులను ఒంగోలు ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్నా, ఆడపిల్లను పరీక్ష కేంద్రానికి చేర్చాలన్నా ఇంట్లో ఒక వాహనం ఉండటం నేడు విలాసం కాదు, అవసరం. కాబట్టే ఎన్నో కుటుంబాలు రెండు మూడు సంవత్సరాల పొదుపును కూడగట్టి పాత కారు కొంటున్నాయి. ఆ పొదుపు ఒక్క నెలలో మెకానిక్కు షెడ్డు పాలైతే ఆ ఇల్లు అనుభవించే బాధ ఎంతటిదో వేరుగా చెప్పనవసరం లేదు.

మన ఊరు చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉంది. దక్షిణాన చెన్నై, ఉత్తరాన విజయవాడ. ఈ రెండు నగరాలూ ఇటీవలి కాలంలో నీట మునిగినవే. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వేళ మరల మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తినప్పుడు వేలాది వాహనాలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. అలా మునిగిన బండ్లను కడిగి, రంగు వేసి, వరద సంగతి తెలియని ఊళ్లలో అమ్మేవారు ఉంటారు. రహదారి పక్కన నివసించే మనకు ఈ జాగ్రత్త మరింత అవసరం.

మంచి బండి బజారుకు ఎందుకు రాదు?

1970లో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. అక్కడి వాడుకలో లోపమున్న కారును నిమ్మకాయ అంటారు. ఆయన వాదన సులభమైనదే. బండిలోని లోపం అమ్మేవానికి తెలుసు, కొనేవానికి తెలియదు. మంచి బండి విలువ మూడు లక్షలు, చెడ్డ బండి విలువ లక్ష అనుకుందాం. ఏది మంచిదో తెలియని కొనుగోలుదారుడు మధ్యస్థంగా రెండు లక్షలు ఇస్తానంటాడు. అప్పుడు మంచి బండి గల యజమాని నష్టానికి అమ్మలేక వెనుదిరుగుతాడు. చెడ్డ బండి గలవాడు సంతోషంగా ముందుకు వస్తాడు. క్రమంగా బజారులో చెడ్డవే మిగులుతాయి. సమాచారం ఒక పక్షాన మాత్రమే ఉన్న బజారుల గురించి చేసిన పరిశీలనలకుగాను ఆయన 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

దీని సారాంశం గమనించండి. లోపాన్ని దాచినవాడు ఎదుటి మనిషిని ఒక్కడినే ముంచడం లేదు. నిజం చెప్పి అమ్మదలచిన మరో పదిమంది గిరాకీని కూడా పాడుచేస్తున్నాడు.

ఒంటె పాదంలోని రంధ్రం

వాహన విక్రయం అనే సమస్య మోటారుతో పుట్టినది కాదు. గుర్రాలు, ఒంటెలు చేతులు మారిన కాలంలోనూ ఇదే సమస్య ఉండేది. హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) ఒకచోట నిలిచి ఉండగా ఒక వ్యక్తి తన ఒంటెను మూడు వందల దిర్హములకు అమ్మాడు. కొన్నవాడు ఒంటెను తోలుకుని వెళ్లిపోయాడు. వాసిలా (రజి) అతని వెంటపడి ఆపి, దీనిని మాంసం కోసం కొన్నావా, ప్రయాణం కోసమా అని అడిగారు. ప్రయాణానికేనని అతడు బదులిచ్చాడు. దీని పాదంలో రంధ్రం ఉంది, వరుస ప్రయాణానికి ఇది తట్టుకోలేదు అని ఆయన చెప్పారు. కొన్నవాడు తిరిగి రాగా అమ్మినవాడు ధరలో వంద దిర్హములు తగ్గించుకోవలసి వచ్చింది. నా బేరం చెడగొట్టావని అతడు వాపోయాడు. అందుకు ఆయన, దైవప్రవక్త (స) ప్రతి ముస్లిం పట్ల హితం కోరుతామని తమచేత ప్రమాణం చేయించుకున్నారని గుర్తుచేశారు.

ఈ ఉదంతంలో ఆయన అమ్మినవారూ కారు, కొన్నవారూ కారు. లోపం తెలిసిన మూడవ మనిషి. నేటి పాత కారు బేరంలో ఆ స్థానం మెకానిక్కుది, దళారిది. లోపం తెలిసి కూడా కమీషను కోసం మౌనం వహించేవాడు నిష్పాక్షికుడని అనుకోవడం పొరపాటు. ఆ మౌనం కూడా బేరంలో భాగమే.

"చూసుకుని కొనుక్కున్నావు, ఇక నాకు సంబంధం లేదు" అనే మాటను చాలామంది కవచంగా వాడుతున్నారు. దీనికి సంబంధించి ఇమామ్ మాలిక్ (రహ్మలై) తమ ముఅత్తాలో ఒక సంఘటన నమోదు చేశారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆనాటి లోకాచారం ప్రకారం ఒక బానిసను, లోపాలకు తనకు బాధ్యత లేదన్న షరతుతో, ఎనిమిది వందల దిర్హములకు అమ్మారు. తరువాత కొన్నవాడు బానిసకు వ్యాధి ఉందని ఫిర్యాదు చేశాడు. అమ్మే సమయంలో ఆ వ్యాధి సంగతి తెలియదని ప్రమాణం చేయమని ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) తీర్పు ఇచ్చారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణం చేయడానికి నిరాకరించి బానిసను తిరిగి తీసుకున్నారు. ఆ బానిస ఆయన దగ్గరే కోలుకున్నాడు. ఆ తరువాత పదిహేను వందల దిర్హములకు అమ్ముడయ్యాడు.

హనఫీ ధర్మశాస్త్రంలో కొనుగోలుదారునికి రెండు రక్షణలు ఉన్నాయి. అమ్మకానికి ముందు నుంచే ఉన్న లోపం తరువాత బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు ఒకటి. దీనిని ఖియారె ఐబ్ అంటారు. పరీక్షించి చూసుకోవడానికి ముందే గడువు కోరే హక్కు మరొకటి. ఇది ఖియారె షర్త్. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) దీనికి మూడు రోజుల పరిమితి పెట్టారు. మూడు రోజులు నడిపి చూసి నిర్ణయిస్తానని కాగితం మీద రాసుకుని కారు తీసుకోవడంలో సిగ్గుపడవలసిన పని లేదు. అయితే లోపం తెలిసిన తరువాత కూడా బండిని సొంత పనులకు తిప్పుకుంటూ ఉంటే తిరిగి ఇచ్చే హక్కు పోతుంది.

షెడ్డులో అమానతు

2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక, ముస్లిం శ్రామికులు అధికంగా కనిపించే వృత్తులలో మోటారు వాహనాల మరమ్మతును కూడా పేర్కొన్నది. మన జిల్లాలో తాతలు దూది ఏకిన ఇళ్లలో మనుమలు నేడు రించీ పట్టుకున్నారు. కాబట్టి మెకానిక్కుల గురించి ఫిర్యాదు అంటే పరాయివారి గురించి ఫిర్యాదు కాదు. అది మన పిల్లల సంగతే.

మా మదరసా పిల్లలను తీసుకువచ్చే వ్యానుకు ఒకే వేసవిలో మూడు పర్యాయాలు క్లచ్ పని చేయించవలసి వచ్చింది. మూడవసారి వేరొక షెడ్డులో విప్పి చూస్తే, అంతకుముందు రెండుసార్లు డబ్బు తీసుకున్న క్లచ్ ప్లేటు మార్చబడనే లేదు. పోయిన డబ్బు కంటే, పిల్లలు మధ్యదారిలో ఎండలో నిలబడిన మూడు ఉదయాలే మమ్మల్ని ఎక్కువ బాధించాయి.

నలుగురి పని చేసే వృత్తిదారుని మన ఫుఖహాలు అజీరె ముష్తరక్ అన్నారు. అతని పనివల్ల వస్తువు పాడైతే నష్టపరిహారం అతనిదే. మార్చని సామాను మార్చానని చెప్పి తీసుకున్న సొమ్ము కూలి కాదు, ఇతరుల ధనాన్ని అక్రమంగా తినడమే.

ఇక్కడ మెకానిక్కు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. డూప్లికేటు సామాను చౌకగా వేయమని ఒత్తిడి చేసి, అది ఆరు నెలల్లో పాడైతే అతన్ని దొంగ అనే వినియోగదారులు ఉన్నారు. అప్పు పెట్టి నెలల తరబడి ముఖం చాటేసేవారూ ఉన్నారు. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (స) బోధ షెడ్డుకు కూడా వర్తిస్తుంది.

కొనేముందు, కొన్న తరువాత

తనిఖీకి పెద్ద చదువు అవసరం లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్టు చేయించండి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్లు. సీటు బెల్టును చివరి వరకు లాగండి. మునిగిన బండి అయితే మట్టి చార కనిపించవచ్చు. కాళ్ల కింది మ్యాట్ ఎత్తి వాసన చూడండి. స్టెప్నీ గుంటలో తుప్పు ఉందేమో చూడండి. సముద్రపు గాలి తగిలే మన పాకల, ఊళ్లపాలెం వైపు బండ్లకు అడుగుభాగం తుప్పు మరీ ముఖ్యం. డోరు, బానెట్ బోల్టుల మీద రించీ గాట్లు ఉంటే వాటిని ఒకసారి విప్పారని అర్థం. మీటరులోని కిలోమీటర్లను నమ్మకుండా సర్వీసు రికార్డుతో సరిపోల్చండి. అమ్మేవాడు చూపించిన మెకానిక్కును కాక, మీకు నమ్మకమైన మెకానిక్కును తీసుకువెళ్లి అతని శ్రమకు డబ్బు ఇవ్వండి.

కాగితాల విషయంలో మొహమాటం పనికిరాదు. ఆర్‌సీలోని చాసిస్ నంబరు బండి మీద ఉన్నదేనా, ఫైనాన్స్ బాకీ నమోదై ఉందా అని చూడాలి. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని అమ్మినవారు 14 రోజుల్లోను, కొన్నవారు 30 రోజుల్లోను రవాణా అధికారులకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30 ఇందుకే. బీమా పాలసీ కూడా 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి.

అమ్మినవారికి ఇది మరింత ముఖ్యం. 2007లో అమ్మిన ఒక కారు మరి రెండు చేతులు మారి 2009లో ప్రమాదం చేసింది. ఆర్‌సీ మాత్రం మొదటి యజమాని పేరుననే ఉండిపోయింది. పరిహార బాధ్యత ఆ మొదటి యజమానిదేనని 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

డీలరు లేదా షెడ్డు సేవాలోపానికి ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను రెండు సంవత్సరాలలోపు ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోను చేసి కూడా ఫిర్యాదు చేయవచ్చు. అందుకు బిల్లు చేతిలో ఉండాలి. కాబట్టి పని చేయించిన ప్రతిసారీ బిల్లు అడగండి, మార్చిన పాత సామానును కూడా అడిగి తీసుకోండి.

మీ ఇంట్లో అమ్మకానికి ఒక బండి ఉంటే, బేరగాడు రాకముందే దాని లోపాలను ఒక కాగితం మీద రాసి ఉంచండి. ధర పది వేలు తగ్గవచ్చు. అయితే ఆ కాగితం కింద ఇద్దరూ సంతకం చేసిన తరువాత, మళ్లీ బజారులో ఎదురుపడినప్పుడు ఒకరి ముఖం ఒకరు నిర్భయంగా చూసుకోగలుగుతారు. మన సంపాదనలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక!