మాటిమాటికి ఆగిపోవు ఇంటి కంప్యూటరు – నిదానము, చికిత్స

ఒకప్పుడు పెద్ద కార్యాలయములకు, విశ్వవిద్యాలయములకు మాత్రమే పరిమితమైయున్న కంప్యూటరు నేడు చోడవరము వంటి పట్టణములలో సామాన్య గృహములందును చోటు చేసికొన్నది. ఉపకారవేతనపు దరఖాస్తు మొదలు ప్రాజెక్టు నివేదిక వరకు విద్యార్థుల పనులనేకము దానిమీదనే సాగుచున్నవి. అట్టి యంత్రము పని మధ్యలో హఠాత్తుగా ఆగి, మరల వెలిగించిన కొంతసేపటికి మరల ఆగిపోవుచున్నచో ఆ యింటివారి అవస్థ చెప్పనలవి కాదు. గడువు దినమున దరఖాస్తు తప్పిపోవుటయే గాక, "ఇది పనికిరాదు, క్రొత్తది కొనుడు" అను మాట విని తలిదండ్రులు కూడబెట్టిన సొమ్ము అనవసరముగా వ్యయమగుటయు కలదు. పలు సందర్భములలో లోపము స్వల్పమే. దానిని కనుగొను పద్ధతి తెలియకపోవుటయే పెద్ద నష్టము. ఆ పద్ధతిని ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

వైద్యుడు గాని హకీము గాని నాడి చూడక మందీయడు. గానుగ ఆగినప్పుడు రైతు ఎద్దును అదలించుటకు ముందు చెరకు అడ్డుపడినదేమో చూచును. కంప్యూటరు విషయమునను ఇదియే న్యాయము. ఒక్కసారి ఆగినంతమాత్రమున చింతింప నక్కరలేదు. మరల మరల ఆగుచున్నదనిన, ఏదో ఒకే పరిస్థితి మరల మరల ఏర్పడుచున్నదని అర్థము. ఆ పరిస్థితిని గుర్తించుటయే నిదానము.

దీనికి మన భాషకు సంబంధించిన నిదర్శన మొకటి కలదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులలోను, మాక్ కంప్యూటర్లలోను ఒక వింత కనబడినది. 'జ్ఞా' అను తెలుగు అక్షరము ఒకానొక సంకేతక్రమములో, నడుమ కంటికి కనబడని గుర్తుతో, సందేశముగా వచ్చినచో దానిని తెరపై చూపబోయిన ప్రోగ్రాము వెంటనే మూతపడెడిది. మరల తెరచినను అదే సందేశము ఎదురగుటచే మరల మూతపడెడిది. యంత్రభాగములలో ఏదియు చెడలేదు. అక్షరములను పేర్చి చూపు సాఫ్ట్‌వేరులోనే లోపమున్నది. ఫిబ్రవరి 19న వెలువడిన 11.2.6 అను సవరణతో ఐఫోనులలో ఆ బాధ తొలగినది. కారణము తెలియనివారు ఫోను మార్చినను ఫలముండెడిది కాదు. అదే సందేశము క్రొత్త ఫోనును కూడ ఆపియుండెడిది.

ఇక చికిత్సాక్రమము. అన్నింటికంటె ముందు, యంత్రము పనిచేయుచున్న ఆ కొద్దిసేపటిలోనే ముఖ్యమైన పత్రములను, ఛాయాచిత్రములను పెన్‌డ్రైవులోనికి గాని, వేరొక డిస్కులోనికి గాని నకలు తీసికొనవలెను. యంత్రము పోయిన మరియొకటి కొనవచ్చును. పోయిన నివేదికను కొనలేము.

రెండవది, ఒక నోటుపుస్తకము. ఆగిన వేళ, అప్పుడు చేయుచున్న పని, తెరపై కనబడిన అక్షరములు దానిలో వ్రాయవలెను. విండోస్‌లో 'రిలయబిలిటీ మానిటర్' అను పట్టిక ఏ దినమున ఏది విఫలమైనదో తానే చూపును. వారము దినముల లెక్క చూచినచో సాధారణముగా ఒక క్రమము బయటపడును.

సందేశమేదియు లేక దీపమార్పినట్లు ఆరిపోయినచో మొదట వేడిమిని, విద్యుత్తును అనుమానింపవలెను. ప్రాసెసరు వేడి సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరినచో తన్ను తాను కాపాడుకొనుటకు యంత్రము ఆగిపోవును. ఉదయము బాగుగా నడిచి మధ్యాహ్నము ఆగుచున్నదనిన లోపల దుమ్ము పేరుకొన్నదేమో, ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూడవలెను. ప్లగ్గు తీసివేసి, ఫ్యాను రెక్కలను కదలకుండ పట్టుకొని, మెత్తని కుంచెతో శుభ్రపరచవలెను. ఇంటిలో నీటి మోటారు వేసినప్పుడే ఆగుచున్నచో దోషము వోల్టేజిది. మన యిండ్లకు రావలసినది 230 వోల్టులు. అది మిక్కిలి తగ్గినను, ప్లగ్గు వదులైనను యంత్రము నిలువదు. మంచి యు.పి.ఎస్. ఒకటి ఈ బాధను చాలవరకు తీర్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు దినముల తరబడి చీకటిలో గడిపిన ఈ ప్రాంతమువారికి విద్యుత్తు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

నీలి తెర వచ్చి, దానిపై సంకేతపదము కనబడినచో ఆ పదమును వ్రాసికొనవలెను. 2025 నుండి విండోస్ 11లో ఆ తెర నల్లరంగునకు మారినది. ప్రతిసారి వేర్వేరు పదములు కనబడినచో ర్యామును అనుమానింపవచ్చును. విండోస్‌లోనున్న మెమరీ పరీక్షను రాత్రివేళ నడుపవలెను. రెండు ర్యాము పలకలున్నచో ఒక్కొక్కటిగా ఉంచి చూచినయెడల చెడినదేదో తేలిపోవును. ఎప్పుడును ఒకే పదము వచ్చుచున్నచో ఇటీవల చేర్చిన డ్రైవరునో, ప్రోగ్రామునో అనుమానించి, సేఫ్ మోడ్‌లో తెరచి దానిని తొలగింపవలెను. యంత్రము చాలసేపు బిగుసుకొనిపోయి, డిస్కునుండి టకటకమను చప్పుడు వచ్చుచున్నచో ఆ డిస్కునకు కాలము సమీపించినదని యెరుగవలెను. అప్పుడు నకలు తీయుట తప్ప వేరు ప్రయోగములు చేయరాదు.

సాఫ్ట్‌వేరు దోషమెంతటి అనర్థము తేగలదో 2024 జూలై 19న లోకమంతయు చూచినది. క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ పంపిన రక్షణ సవరణలో 20 అంశములకు సిద్ధపడియున్న ప్రోగ్రామునకు 21 అంశములు అందినవి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయినవి. మన దేశపు విమానాశ్రయములలో బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. సేఫ్ మోడ్‌లో తెరచి ఒక్క ఫైలు తొలగించుటయే దానికి చికిత్స. ఆ 85 లక్షల యంత్రములలో ఒక్కటియు మార్చవలసిన అగత్యము లేకపోయినది.

ఈ పరీక్షలన్నింటికి మూలసూత్రమొకటి కలదు: ఒకసారి ఒకే మార్పు చేయవలెను. దుమ్ము తుడిచి, ర్యాము మార్చి, విండోస్ క్రొత్తగా వేసి, ఒకేరోజున అన్నియు చేసినవానికి యంత్రము బాగైనను ఏది బాగుచేసినదో తెలియదు; రోగము తిరుగబెట్టినప్పుడు మొదటినుండి వెదకవలసినదే. పవర్ సప్లయి పెట్టెను మాత్రము ఎవరును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను దానిలోని కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. అది మెకానిక్కు పని. అతని యొద్దకు పోవునప్పుడు నోటుపుస్తకమును వెంట తీసికొనిపోయినచో అతని శ్రమయు, మన ఖర్చును తగ్గును.

విద్యార్థి సోదరులకు, సోదరీమణులకు మా మనవి యిది: యంత్రమును చూచి భయపడకుడు, దానిపై కోపింపకుడు, అది చెప్పునది వ్రాసికొనుడు. కళాశాల సంఘమువారికి కూడ ఒక విన్నపము. ప్రతి కంప్యూటరు ప్రక్కను ఒక నోటుపుస్తకమును దారముతో కట్టి ఉంచినచో దాని వెల కొద్ది రూపాయలే. అది కాపాడు ధనము, కాలము మాత్రము ఎన్నో రెట్లు అధికము.