పాత మియాటాకు అలైన్‌మెంట్: అపోహలు – వాస్తవాలు

మన ఊళ్లలో టైర్ల షాపుకెళ్లి "అలైన్‌మెంట్ చూడన్నా" అంటే చాలావరకు అతను చేసే పని ఒక్కటే, ముందు చక్రాల టో (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉంటే టో-ఇన్, బయటికైతే టో-అవుట్) సరిచేయడం. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. స్విఫ్ట్, వ్యాగనార్ లాంటి బండ్లకు కంపెనీ ఇచ్చిన సర్దుబాటే అది. వెనక టోర్షన్ బీమ్ ఉంటుంది, అక్కడ తిప్పడానికి ఏమీ ఉండదు. అదే లెక్కను అన్ని కార్లకూ పట్టుకుపోతేనే చిక్కు. అమెరికాలో ఉంటూ వారాంతపు సరదా కోసం పాత మాజ్దా మియాటా మీద కన్నేసిన మనవాళ్లు ముందుగా వదిలించుకోవాల్సింది ఈ లెక్కనే.

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చిన ఈ రెండు సీట్ల కారు జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్, అమెరికాలో మియాటా, మిగతా చోట్ల ఎంఎక్స్-5. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. ప్రతి చక్రం దగ్గరా కింది ఆర్ముకు రెండేసి క్యామ్ బోల్టులు. వాటిని తిప్పితే ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి ఒరిగితే నెగటివ్, బయటికైతే పాజిటివ్), క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) మారతాయి, వెనక క్యాంబర్, టో మారతాయి. ముందు టోకి రెండు టై రాడ్లు వేరే ఉన్నాయి. అంటే మొత్తం పది చోట్ల సర్దుకోవచ్చు. "టో సెట్ చేసేశాం సార్" అని బిల్లు చేతిలో పెట్టినవాడు అందులో రెండే ముట్టుకున్నాడన్నమాట.

"తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయి, ఇంకేం కావాలి?"

యంత్రం తెర మీద అంకె పచ్చబడిందంటే అది కంపెనీ ఇచ్చిన హద్దుల్లో ఉందని మాత్రమే. ఆ హద్దులు చాలా విశాలం. ఎడమ చక్రం క్యాంబర్ ఒక చివర, కుడి చక్రానిది ఇంకో చివర ఉన్నా రెండూ పచ్చగానే కనిపిస్తాయి, బండి మాత్రం పక్కకి లాగుతుంది. క్యాంబర్ ఏ వైపు ఎక్కువ పాజిటివ్‌గా ఉంటే ఆ వైపు, క్యాస్టర్ ఏ వైపు తక్కువగా ఉంటే ఆ వైపు. కాబట్టి రంగు కాదు, కుడి ఎడమల మధ్య తేడా చూడాలి. ప్రింటు తీసుకున్నప్పుడు ఇంకొకటి గమనించండి. కొన్ని యంత్రాలు డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తాయి, కొన్ని దశాంశాల్లో. 0°30′ అంటే అర డిగ్రీ. 0.30° అంటే 18 నిమిషాలే. ఈ రెంటినీ ఒకటనుకుని గొడవపడే యజమానులూ ఉన్నారు, మెకానిక్కులూ ఉన్నారు.

పైగా ఆ హద్దులు 1989 నాటి కొత్త కారుకు, కొత్త రబ్బరుకు, కంపెనీ పెట్టిన బండి ఎత్తుకు రాసినవి. ఇప్పుడా కారు స్ప్రింగులు ఎవరో మార్చేసి ఉంటారు. ఎత్తు తగ్గితే క్యాంబర్ నెగటివ్ వైపు పోతుంది, టో కూడా కదులుతుంది. రోడ్డు మీద హుషారుగా నడపాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు ఒక డిగ్రీ, వెనక ఒకటిన్నర డిగ్రీ దాకా నెగటివ్ క్యాంబర్, ముందు టో దాదాపు సున్నా, వెనక కొద్దిపాటి టో-ఇన్ పెట్టించుకుంటారు. వెనక టో-ఇన్ విషయంలో మాత్రం బేరం లేదు. వెనక చక్రాలు తోసే బండికి అక్కడ టో-అవుట్ ఉంటే, వాన రోడ్డు మీద తోక ఎప్పుడు జారుతుందో తెలియదు. క్యాస్టర్ పెంచితే స్టీరింగ్ తనంతట తాను బాగా మధ్యకొస్తుంది, కానీ బరువెక్కుతుంది. పవర్ స్టీరింగ్ లేని తొలి బేస్ మోడల్ కొన్నవాళ్లు పార్కింగ్‌లో చేతుల నొప్పి కూడా లెక్కేసుకోవాలి.

"టైరు లోపలి అంచు అరిగిందంటే క్యాంబర్‌దే పాపం"

పాపం ఎక్కువగా టోది. చిన్న లెక్క చూడండి. 14 అంగుళాల రిమ్ము దగ్గర మొత్తం టో 3 మిల్లీమీటర్లు తప్పితే ఒక్కో చక్రం దాదాపు పావు డిగ్రీ వంకరగా పోతున్నట్టు. అంటే ప్రతి కిలోమీటరుకూ ఆ టైరు నాలుగు మీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చుకుపోతున్నట్టే. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే నాలుగు కిలోమీటర్ల ఈడ్పు! క్యాంబర్ ఒకటి ఒకటిన్నర డిగ్రీలుంటే లోపలి అంచు కాస్త ముందుగా అరిగే మాట నిజమే. దానికి టో-అవుట్ తోడైతే మాత్రం ఆ అంచు చూస్తుండగానే కరిగిపోతుంది.

"స్టీరింగ్ వణుకుతోంది, అలైన్‌మెంట్ చేయించాలి"

వద్దు, డబ్బు దండగ. ఒక వేగం దగ్గర మొదలై, అది దాటితే తగ్గే వణుకు బ్యాలెన్సింగ్‌దో, వంగిన రిమ్ముదో. గంటకు వంద కిలోమీటర్ల ప్రాంతంలో వణకడంలో మియాటాకు ముందునుంచీ పేరుంది.

పక్కకి లాగడం కూడా ప్రతిసారీ అలైన్‌మెంట్ తప్పు కాదు. బ్రేక్ క్యాలిపర్ పట్టేసి ఉండొచ్చు, టైరులోనే లోపం ఉండొచ్చు. టైర్లు ఒకే దిక్కుకు తిరగాల్సిన రకం కాకపోతే, ముందు రెండింటినీ అటూ ఇటూ మార్చి నడపండి. లాగుడు కూడా దిక్కు మార్చుకుంటే దోషి టైరే.

"పాత బండైనా షాపువాడు చూసుకుంటాడులే"

మొదటి తరం కార్లు 1997 దాకా తయారయ్యాయి. ఎంత కొత్తదైనా పాతికేళ్లు దాటిన రబ్బరే. బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, వీల్ బేరింగులు చూడకుండా అలైన్‌మెంట్ చేయించడం పునాది కదిలిన గోడకు సున్నం వేయడం లాంటిది. ఆడుతున్న జాయింటు మీద తీసిన కొలత షాపు గేటు దాటేలోపే మారిపోతుంది.

అసలు రోగం క్యామ్ బోల్టుల్లో ఉంటుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తర అమెరికా రాష్ట్రాల్లోనూ, బ్రిటన్‌లోనూ తిరిగిన కార్లలో ఈ బోల్టు బుష్ లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. నట్టు వదులవుతుంది, బోల్టు తిరగదు. తుప్పు వదిలించే నూనె కొట్టి రోజుల తరబడి నానబెట్టాలి, వేడి చేయాలి, చివరికి రంపంతో కోసి బుష్‌తో సహా మార్చాలి. గంట పని అనుకుని బండి తీసుకున్న షాపు ఇదంతా చేయదు. టై రాడ్లు తిప్పి పంపేస్తుంది. అందుకే అపాయింట్‌మెంట్‌కు ముందే క్యామ్ బోల్టులు తిరుగుతున్నాయో లేదో ఇంట్లో చూసుకోవాలి. కొత్త రబ్బరు బుష్‌లు వేయిస్తే, బండి చక్రాల మీద నిలబడి ఉండగానే ఆ బోల్టులు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దింపాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, ఎత్తు తప్పుతుంది, తొందరగా చిరుగుతుంది.

పనికి వరస కూడా ఉంది. ముందు ఎత్తు, ఆ తర్వాత వెనక క్యాంబర్, వెనక టో, ఆపైన ముందు క్యాస్టర్, క్యాంబర్, అన్నిటికన్నా చివర ముందు టో. క్యామ్ బోల్టు కదిపితే టో కూడా కదులుతుంది కాబట్టి దాన్ని ముందే సరిచేస్తే ఆ శ్రమ వృథా. బండి బరువు సుమారు టన్నే కనుక, డ్రైవరు సీట్లో మీ బరువుకు సరిపడా ఇసుక బస్తా వేయమని అడగడం చాదస్తమేమీ కాదు.

స్టీరింగ్ చక్రం వంకరగా ఉందని దాన్ని ఊడదీసి తిన్నగా బిగించేవాళ్లను ఆపండి. వెనక చక్రాల టో రెండు వైపులా సమానంగా లేకపోతే బండి కొద్దిగా ఏటవాలుగా నడుస్తుంది, అందువల్ల కూడా స్టీరింగ్ వంకరవుతుంది. అప్పుడు సరిచేయాల్సింది వెనకే.

"కంప్యూటర్ లేకుండా కుదరదు"

టో వరకైతే కుదురుతుంది. రేసు జట్లు ఇప్పటికీ దారాలు కట్టి కొలుస్తాయి. బండికి రెండు వైపులా దారం కట్టి, రిమ్ము ముందు అంచుకు, వెనక అంచుకు దూరం స్కేలుతో చూడటమే. చక్రాలకు ఆనిస్తూ మాత్రం కట్టకండి. మియాటా వెనక చక్రాల మధ్య దూరం ముందుకన్నా కొంచెం ఎక్కువ. దారాలు రెండూ ఒకదానికొకటి, బండి మధ్య గీతకూ సమాంతరంగా ఉండాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులోనే అర మిల్లీమీటరు జరుగుతుంది.