దాచుకొనదగిన వంట: పోలండువారి పియెరోగి



వంట చేయుట యొక విద్య. చేసినదానిని చెడకుండ దాచుట మఱియొక విద్య. ఊరగాయలు, అప్పడములు, వడియములు మొదలగువాని విషయమున మన పెద్దలు ఈ రెండవ విద్యను మనకు చక్కగా నేర్పియే యున్నారు. కాని తేమగల వంటకమును నెలల తరబడి నిలుపుట మనకంతగా అలవాటులేని పని. పోలండు దేశపు గృహిణులు పియెరోగి యను వంటకమును ఒకే దినమున వందలకొలది చేసి, దాచుకొని, అవసరమైనప్పుడు కొన్నింటిని తీసి ఉడికించి వడ్డింతురు. మేము దీనిని రెండేండ్లుగా మా యింట చేయుచున్నాము. చెడగొట్టి నేర్చుకొన్నదే యెక్కువ. ఆ నష్టము చదువరులకు కలుగకూడదని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

కజ్జికాయను ఎఱిగినవారికి పియెరోగి రూపమును వర్ణింప నక్కఱలేదు. అదే అర్ధచంద్రాకారము, అదే అంచు మడత. భేదమేమనగా, కజ్జికాయ నూనెలో వేగును. పియెరోగి మరుగు నీటిలో ఉడుకును. నూనెలో పైపొర గట్టిపడి పూర్ణమును కాపాడును. నీటిలో నట్టి రక్షణ లేదు. కావున పిండి మెత్తదనము, పూర్ణము పొడిదనము, అంచు బిగువు అనునవి మూడును సరిగా కుదిరిననే ఈ వంట నిలుచును.

పోలండునందు ఈ వంటకము మిక్కిలి పురాతనమైనది. 1682వ సంవత్సరమున క్రాకోవ్ నగరమందు స్తనిస్వావ్ చెర్నియెత్స్కి యను వంటపెద్ద ప్రకటించిన పాకశాస్త్రగ్రంథమున పియెరోగి చేయు విధము కలదు. పోలిష్ భాషలో అచ్చుపడిన తొలి పాకగ్రంథములలో అది ముఖ్యమైనది. నేడును క్రాకోవ్‌నందు ఆగస్టు నెలలో పియెరోగి ఉత్సవము జరుగును. ఆశ్చర్యము కలిగినప్పుడు "పియెరోగితో కూడిన జాత్సెక్ మునీంద్రా!" యని యర్థమిచ్చు పలుకును పలుకుట వారికి వాడుక. జాత్సెక్ 13వ శతాబ్దమునాటి వారి మహాత్ముడు. ఆకలిగొన్న ప్రజలకు ఆయన పియెరోగి పెట్టెనని కథ చెప్పుకొందురు.

మన దేశమునకును పోలండువారికిని ఒక సంబంధము కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇల్లు వాకిలి కోల్పోయిన పోలిష్ స్త్రీలును పిల్లలును సుమారు అయిదువేలమంది 1943 మొదలు 1948 వఱకు కొల్హాపురము చెంతనున్న వలివడె గ్రామమున తలదాచుకొనిరి.

పియెరోగిలో పెట్టు పూర్ణములు అనేకములు. అన్నిటికంటె ప్రసిద్ధమైనది "రుస్కియె" యనునది. దీనిలో ఉడికిన బంగాళాదుంప, త్వారుగ్ అను పుల్లని పాలవిరుగుడు, వేయించిన ఉల్లిపాయ ఉండును. ఆ పేరు విని ఇది రష్యావారిదని తలచువారు కలరు, అది పొరపాటు. నేటి పోలండు, ఉక్రెయినుల సరిహద్దు ప్రాంతమునకు పూర్వము రూస్ అని పేరుండెను. దానినుండి వచ్చినదే ఈ మాట. 2022లో ఉక్రెయినుమీద యుద్ధము మొదలైనపిమ్మట పోలండులోని కొన్ని భోజనశాలలవారు ఈ పేరును మార్చి "ఉక్రెయిను పియెరోగి" యని వ్రాసికొనిరి. డిసెంబరు 24వ తేదీ రాత్రి, అనగా క్రిస్మసు ముందటి రాత్రి, వారు మాంసము ముట్టరు. నాడు పులియబెట్టిన క్యాబేజీని, ఎండు పుట్టగొడుగులను పూర్ణముగా పెట్టుదురు. తూర్పు మండలములందు మసూరపప్పు పూర్ణమును కలదు. వేసవిలో బ్లూబెర్రీ పండ్లు పెట్టి, పుల్లని మీగడతో తిందురు. కావున శాకాహారుల యింటను ఈ వంటకు లోటు లేదు.

ఇందొక సంగతి గమనింపదగియున్నది. శీతలపేటికలు లేని కాలమున ఆ గృహిణులు దాచినది ముఖ్యముగా పూర్ణపు ద్రవ్యములను. క్యాబేజీని ఉప్పువేసి పులియబెట్టి జాడీలకెత్తిరి. పుట్టగొడుగులను దారమునకు గ్రుచ్చి యెండబెట్టిరి. పండుగనాడు పిండి కలిపిరి. ఫ్రీజరు వచ్చినపిమ్మట, చేసిన పియెరోగినే దాచుట సాధ్యమయ్యెను. అయినను దాచుటలోని రహస్యము మారలేదు. తడి, గాలి, తొందర అను మూడును దీనికి శత్రువులు.

పిండి: మైదా అరకిలో, ఉప్పు ఒక చిన్నచెంచా, కరగిన వెన్నగాని నూనెగాని రెండు పెద్దచెంచాలు, వేడినీరు పావులీటరు. నీరు చేయి పెట్టలేనంత వేడిగా ఉండవలెను. కొంచెము కొంచెముగా పోయుచు మొదట గరిటెతో కలిపి, వేడి తగ్గినపిమ్మట చేతితో పది నిమిషములు మర్దింపవలెను. వేడినీరు సోకినప్పుడు పిండిలోని గంజిపదార్థము ఉబ్బి నీటిని పట్టుకొనును. పిండి బిగువు తగ్గును. అందువలన ముద్ద మెత్తనై, ఒత్తునప్పుడు వెనుకకు ముడుచుకొనక యుండును. ముద్దను తడిగుడ్డతో కప్పి అరగంట విడువవలెను. ఈ అరగంటను మిగిల్చుకొనవలెనని తొందరపడినవారు ఒత్తునప్పుడు ఒక గంట పోగొట్టుకొందురు.

పూర్ణము: బంగాళాదుంపలు అరకిలో, త్వారుగ్ పావుకిలో, పెద్ద ఉల్లిపాయలు రెండు, ఉప్పు, మిరియాలపొడి. త్వారుగ్ మన యంగళ్లలో దొరకదు; కాని ఇంట చేసికొనుట కష్టముకాదు. లీటరున్నర పుల్లని పెరుగును మందమైన గిన్నెలో పోసి, సన్నని సెగమీద పెట్టి, తేట వేఱుపడునంతవఱకు మాత్రమే కాచవలెను. మరగనిచ్చినచో అది రబ్బరువలె బిరుసెక్కును. పలుచని గుడ్డలో మూటగట్టి, తేట పూర్తిగా కారునట్లు మూడు నాలుగు గంటలు వ్రేలాడదీయవలెను. తేటను పారబోయక చపాతీపిండి కలుపుటకు వాడుకొనవచ్చును. పనీరు పెట్టినను సరిపోవునుగాని ఆ పులుపు రాదు.

దుంపలను ఉడికించి, నీరు వార్చి, అదే గిన్నెలో రెండు నిమిషములు సన్నసెగమీద కదపవలెను. ఆవిరి పోయి దుంప పొడిగా నగును. వేడిగా నున్నప్పుడే ఉండలు లేకుండ మెదపవలెను. ఉల్లిపాయను సన్నగా తఱిగి, వెన్నలో నిదానముగా బంగారువన్నె వచ్చువఱకు వేయించి, అన్నిటిని కలపవలెను. పూర్ణము పూర్తిగా చల్లారినపిమ్మటనే మడతకు దిగవలెను. మేము మొదటిసారి చేసినప్పుడు పూర్ణము గోరువెచ్చగా నుండగనే పెట్టితిమి. దాని ఆవిరికి పిండి నాని పలుచనయ్యెను. నీటిలో వేసిన నలువదింటిలో సగము విచ్చుకొని, గిన్నెలో దుంపల గంజి మిగిలెను.

మడత: పిండిని నాలుగు భాగములు చేసి, ఒకదానిని తీసి, తక్కినవానిని కప్పియుంచవలెను. రెండు మూడు మిల్లీమీటర్ల మందమున ఒత్తి, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పుగల గాజుగ్లాసు అంచుతో బిళ్లలు కోయవలెను. పోలండు గృహిణులు వాడునదియు గ్లాసే. నడుమ ఒక చిన్నచెంచాకు మించకుండ పూర్ణము పెట్టి, సగమునకు మడచి, అంచు నడిమిభాగమును మొదట నొక్కి, పిదప రెండు కొనలవైపు నొక్కుకొని పోవవలెను. ఆ విధముగా లోపలి గాలి వెలుపలికి పోవును. గాలి నిలిచినచో మరుగునప్పుడు అది వేడెక్కి వ్యాపించి అంచును చీల్చును. అంచునకు పూర్ణపు జిడ్డుగాని పొడిపిండిగాని అంటరాదు. అంటినచోట అతుకు నిలువదు. పై కొలతకు సుమారు ఏబదినుండి అఱువది పియెరోగి యగును.

ఉడికించుట: వెడల్పుగల గిన్నెలో నీరు సమృద్ధిగా పోసి, ఉప్పువేసి, మరుగునప్పుడు ఒక వరుసకు సరిపడునన్ని మాత్రమే వేయవలెను. అడుగంటకుండ కొయ్యగరిటె వీపుతో ఒకసారి మెల్లగా కదపవలెను. పైకి తేలినపిమ్మట రెండు మూడు నిమిషములుంచి చిల్లులగరిటెతో తీయవలెను. వెన్నలో వేయించిన ఉల్లిపాయ పైన చల్లి వేడిగా వడ్డింపవలెను. మిగిలినవానిని మఱునాడు వెన్నలో ఎఱ్ఱగా వేయించినచో పిల్లలు మొదటినాటికంటె ఇష్టముగా తిందురు.

ఇక దాచుటను గూర్చి చెప్పుదుము. పచ్చివానిని దాచునప్పుడు, పళ్లెమున పొడిపిండి చల్లి, ఒకటి నొకటి తాకకుండ పేర్చి, పళ్లెముతోనే ఫ్రీజరులో పెట్టవలెను. రాయివలె గట్టిపడుటకు సుమారు రెండు గంటలు పట్టును. అప్పుడు సంచిలోనికి మార్చి, గాలిని నొక్కి తీసి, మూతి బిగించి, తేదీ వ్రాసిన చీటి అంటింపవలెను. మేమొకసారి పళ్లెముల బాధ యెందుకని అఱువదింటిని నేరుగా సంచిలో వేసితిమి. మఱునాటికి అవి యన్నియు నొకే ముద్దయై, విడదీయబోగా చినిగిపోయెను. ఒక దినపు పరిశ్రమ వ్యర్థమయ్యెను.

పచ్చివి ఫ్రీజరులో ఎండి పగులునను భయమున్నవారు, వానిని నీటిలో తేలువఱకు మాత్రమే ఉడికించి, నూనె రాసి, చల్లార్చి, పిమ్మట పైచెప్పినట్లు గడ్డకట్టింపవచ్చును. ఏ విధముగా దాచినను, వండునప్పుడు కరగనీయక, గడ్డగానున్నవానినే మరుగునీటిలో కొద్దికొద్దిగా వేయవలెను. కరగినచో పిండి తడిసి అంటుకొనును. మామూలుకంటె ఒకటి రెండు నిమిషము లెక్కువ పట్టును. పూర్తిగా ఉడికినవానిని ఫ్రిజ్జిలో నుంచదలచినచో వండిన రెండు గంటలలోపల పెట్టి, మూడు దినములలో ముగింపవలెను.

ఎన్నాళ్లు నిలుచుననునది ఫ్రీజరు చల్లదనమునుబట్టి యుండును. దాని తలుపుమీద ఒక నక్షత్రపు గుర్తున్నచో సున్నకు దిగువ 6 డిగ్రీలు, రెండున్నచో 12, మూడున్నచో 18 అని యర్థము. మొదటిదానిలో వారము, రెండవదానిలో నెల, మూడవదానిలో రెండు మూడు నెలలు దాచవచ్చును. విద్యుత్తు పొదుపును తెలుపుటకు ఫ్రిజ్జిపై అంటించు నక్షత్రముల చీటి వేఱు. దానిని చూచి భ్రమపడరాదు.

మన యూళ్లలో విద్యుత్తు పోవుట క్రొత్త కాదు. నిండుగానున్న ఫ్రీజరు తలుపు తెఱువకున్నచో సుమారు రెండు దినములు, సగము నిండినది ఒక దినము చల్లదనమును నిలుపును. ఒక వేసవిలో గాలివానకు మా వీధిలో విద్యుత్తు పోయి, మఱునాటి సాయంకాలమునకుగాని రాలేదు. ఈలోపల పిల్లలు మంచునీటికై తలుపు పలుమాఱులు తెఱచిరి. మేము చూచునప్పటికి సంచులు మెత్తబడి, వెచ్చగా నుండెను. పారవేయబోగా మా అత్తగారు అడ్డుపడి, "అమ్మాయీ, అన్నము పరబ్రహ్మస్వరూపము గదా! ఇంత కష్టపడి చేసినదానిని పెంటపాలు చేయుదువా? మరుగునీటిలో పడినచో ఏ దోషమైనను పోదా?" అనిరి. ఆమె మాట పెడచెవిని పెట్టుట మాకు కష్టముగనే యుండెను. కాని చెడిన పదార్థమున సూక్ష్మజీవులు పుట్టించు విషములలో కొన్ని మరిగించినను నశింపవు. ఆ సంగతి విన్నవించి, రెండు సంచులను పారవేసితిమి. నాడు ఆమె భోజనమునందు మాటాడలేదు.

ఆ పిమ్మట ఒక ఉపాయము చేసితిమి. చిన్నగిన్నెలో నీరు గడ్డకట్టించి, దానిపై ఒక రూపాయి నాణెము నుంచి ఫ్రీజరులో పెట్టితిమి. విద్యుత్తు పోయి వచ్చినపిమ్మట నాణెము పైననే యున్నచో గడ్డ కరగలేదని తెలియును. అడుగునకు దిగి యున్నచో లోపలివి కరగి మరల గడ్డకట్టినవని గ్రహించి విడిచిపెట్టవలెను. ఇప్పుడు ప్రతి ఉదయమును ఆ నాణెమును చూచి చెప్పువారు మా అత్తగారే.

ఇంత శ్రమ యెందుకని యడుగువారుందురు. మొన్న మేము జ్వరముతో మంచము పట్టినప్పుడు, మా పెద్దమ్మాయి నీరు మరిగించి, సంచిలోనివి ఇరువది తీసి వేసి, పావుగంటలో ఇంటిల్లిపాదికిని వడ్డించెను. గృహిణి పడుకొన్ననాడును పొయ్యి వెలిగింపక తప్పదు. ఆ నాటికై, ఓపికయున్న దినముననే కొంత దాచియుంచుకొనుట మంచిది. ఇరుగుపొరుగు సోదరీమణులు నలుగురు కూడి ఒక మధ్యాహ్నము కూర్చున్నచో రెండువందలు సునాయాసముగా నగును. మొదటిసారి కొన్ని విచ్చుకొనిననుసరే, నిరుత్సాహపడవలదు. పూర్ణము చల్లారెనా, అంచు పొడిగా నున్నదా, గాలి పోయెనా యని మూడు ప్రశ్నలు వేసికొని మరల ప్రయత్నింతురుగాక!