చిన్న హాల్‌కి గ్రే-వైట్ కలర్స్ వేయిస్తున్నారా..? పెయింట్ డబ్బా కొనేముందే ఇవి చూసుకోండి!

కొత్త ఫ్లాట్ గృహప్రవేశమైనా, పండక్కి పాత ఇంటికి రంగులు వేయించాలన్నా.. ఇప్పుడు చాలామంది ఫోన్‌లో ఫొటో తీసి పెయింటర్‌కి చూపించే కాంబినేషన్ ఒకటే. గ్రే అండ్ వైట్. ఫొటోలో అదిరిపోతుంది. తీరా గోడలకి వేశాక మాత్రం ‘ఇదేంట్రా, సిమెంట్ ప్లాస్టరింగ్ చేసి వదిలేసినట్టుంది’ అని ఇంట్లో పెద్దవాళ్లు అనేస్తారు. అప్పటికే డబ్బులు ఖర్చయిపోయి ఉంటాయి. పెద్ద హాల్‌లో అయితే సర్దుకుపోవచ్చు కానీ.. 10 బై 12 అడుగుల గదిలో షేడ్ కాస్త తేడా కొట్టినా ఇల్లంతా దిగులుగా కనిపిస్తుంది. మరి ఎక్కడ తేడా వస్తోంది..?

అసలు గ్రే అనేది ఒక్క రంగు కాదు. అందులో ఏదో ఒక రంగు ఛాయ కలిసే ఉంటుంది. కొన్నింట్లో నీలం, కొన్నింట్లో ఆకుపచ్చ, కొన్నింట్లో వంకాయ రంగు, మరికొన్నింట్లో గోధుమ రంగు. షాపులో షేడ్ కార్డు చూస్తే ఇది పట్టుకోలేం. అదే కార్డుని తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన ఇంకో రెండు గ్రేలు పెట్టి చూస్తే లోపలి ఛాయ వెంటనే బయటపడుతుంది.

చాలామంది మర్చిపోయేది కింద ఉన్న ఫ్లోరింగ్‌ని. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోల్లో ఎక్కువగా చెక్క ఫ్లోరింగ్ ఉంటుంది. మన అపార్ట్‌మెంట్లలో బిల్డర్ వేసి ఇచ్చేవి చాలావరకు క్రీమ్, ఐవరీ కలర్ విట్రిఫైడ్ టైల్సే. నీలం ఛాయ ఉన్న గ్రే పక్కన ఈ క్రీమ్ టైల్ పడితే.. టైల్ పాతబడి పసుపెక్కినట్టు, గోడ మసిబారినట్టు కనిపిస్తాయి. టైల్స్ మార్చడం అయ్యే పని కాదు కాబట్టి గోధుమ ఛాయ ఉన్న వెచ్చటి గ్రే తీసుకోవడమే మంచిది. టేకు తలుపులు, చెక్క టీవీ యూనిట్ ఉన్నా ఇదే సెట్ అవుతుంది. తెలుపు కూడా మరీ తళతళలాడేది కాకుండా కాస్త ఆఫ్ వైట్ వైపు ఉంటే బాగుంటుంది.

షేడ్ కార్డుల మీద కొన్ని కంపెనీలు ఎల్ఆర్‌వీ అని ఒక నంబర్ ఇస్తాయి. రంగు ఎంత వెలుతురుని వెనక్కి పంపిస్తుందో చెప్పే లెక్క ఇది. నలుపు 0 వైపు, తెలుపు 100 వైపు ఉంటాయి. చిన్న హాల్‌లో మెయిన్ గోడలకి 60 పైన ఉన్నవి చూసుకుంటే గది చీకటిగా అనిపించదు. ముదురు గ్రే అంటే ఇష్టమైతే ఒక్క గోడకి పరిమితం చేయాలి.

ఆ ఒక్క గోడ ఏది..? కిటికీ లేదా బాల్కనీ తలుపు ఉన్న గోడకి మాత్రం వద్దు. వెలుతురు దాని వెనక నుంచి వస్తుంది కాబట్టి ఆ గోడ మామూలుగానే నీడలో ఉంటుంది. దానికి ముదురు రంగు వేస్తే మరీ నల్లబడుతుంది. దానికి ఎదురుగా, వెలుతురు నేరుగా పడే గోడ బెస్ట్. టీవీ గోడ అయినా ఓకే.. నల్లటి స్క్రీన్ ముదురు గ్రేలో కలిసిపోతుంది, ఆఫ్ చేసినప్పుడు గోడకి కన్నం పెట్టినట్టు ఉండదు.

ఇక వెలుతురు సంగతి. ఉత్తరం వైపు కిటికీ ఉంటే చల్లటి, నీలం కలిసిన వెలుతురు వస్తుంది. అక్కడ నీలం గ్రే వేస్తే హాస్పిటల్ వార్డులా ఉంటుంది. పడమర అయితే సాయంత్రం ఎండకి అదే గోడ నారింజ రంగులోకి తిరుగుతుంది. సిటీ ఫ్లాట్లలో ఇంకో తిప్పలు కూడా ఉంది. పక్క బిల్డింగ్ నాలుగడుగుల దూరంలో ఉంటే మన హాల్‌లోకి వచ్చేది వాళ్ల గోడ మీద పడి తిరిగొచ్చిన వెలుతురే. వాళ్లు చిలకపచ్చ రంగు వేయించుకుంటే మన గ్రేకి కూడా ఆ పచ్చదనం అంటుకుంటుంది!

రాత్రిపూట ఆట మొత్తం బల్బులదే. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే తెల్లటి ఎల్ఈడీ ట్యూబులు 6500 కెల్విన్‌వి. వాటి కింద గ్రే నీలంగా, ముఖాలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. బల్బు పెట్టె మీద 4000 కెల్విన్ అని ఉన్నది చూసి తెచ్చుకుంటే గ్రే గ్రేలాగే ఉంటుంది. 3000 అయితే ఇంకా వెచ్చగా, కాస్త పసుపుగా ఉంటుంది.. సోఫా పక్కన ల్యాంప్‌కి అది బాగుంటుంది. రంగు నచ్చలేదని మళ్లీ పెయింటర్‌ని పిలిచేముందు ఒక్క బల్బు మార్చి చూడండి.

ఇవన్నీ కాగితం మీద లెక్కలు. అసలు పరీక్ష గోడ మీదే జరగాలి. చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, ఎదురెదురు గోడల మీద రెండేసి అడుగుల చదరం రెండు కోటింగులు వేయించండి. తడి మీద ఒకలా, ఆరాక ఇంకోలా ఉంటుంది. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి లైట్లేశాక చూసి.. రెండు రోజులాగి నిర్ణయం తీసుకోండి. పెయింటర్ తొందర పెడతాడు, అయినా సరే.

బాత్రూమ్‌ని ఆనుకున్న గోడ మీద తెల్లటి పొడి రాలుతున్నా, ఉబ్బులున్నా ముందు ఆ లీకేజీ ఆపించాలి. లేదంటే ఎంత ఖరీదైన పెయింట్ అయినా పొరలుగా ఊడొస్తుంది.

ఫినిషింగ్ విషయంలో ఒక చిక్కు ఉంది. మ్యాట్ వేస్తే పుట్టీ ఎగుడుదిగుళ్లు కనపడవు కానీ మరకలు పట్టేస్తాయి. సోఫా వెనక తలనూనె మరక, స్విచ్ బోర్డు చుట్టూ చేతి గుర్తులు.. తెల్లగోడ మీద ఇవి రెండు నెలల్లో తేలతాయి. బాగా మెరిసేది వేస్తే కడుక్కోవచ్చు కానీ పక్క నుంచి లైట్ పడితే గోడ అలలు అలలుగా కనిపిస్తుంది. పిల్లలున్న ఇంట్లో కొద్దిపాటి మెరుపు ఉండే, కడగగలిగే ఎమల్షన్ మధ్యేమార్గం. దేవుడి అర గోడకైతే ఇది తప్పనిసరి.. దీపం మసి తుడుచుకోవాలి కదా.

కొనేటప్పుడు లెక్క కూడా చూసుకోండి. 10 బై 12 హాల్, 10 అడుగుల ఎత్తు అంటే నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే సుమారు 370 మిగులుతుంది. సీలింగ్ మరో 120. డబ్బా మీద ఒక లీటరుకి రెండు కోటింగులు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో రాసి ఉంటుంది, దాంతో భాగిస్తే సరిపోతుంది. గ్రే మొత్తం ఒకేసారి కలిపించుకోవాలి. మళ్లీ కలిపిస్తే ఛాయ కాస్త మారే అవకాశం ఉంది.

సామాన్ల దగ్గరా కొలతే ముఖ్యం. 10 అడుగుల వెడల్పులో సోఫా 3 అడుగులు, టీవీ యూనిట్ అడుగుంపావు తీసుకుంటే మిగిలేది 5 అడుగుల 9 అంగుళాలు. మధ్యలో 2 అడుగుల టీపాయ్ వేస్తే నడవడానికి దారి బొటాబొటీ. కాళ్లున్న సోఫా అయితే కింద నేల కనిపించి గది కొంచెం ఖాళీగా అనిపిస్తుంది. కర్టెన్ రాడ్‌ని కిటికీ పైనే కాకుండా సీలింగ్‌కి దగ్గరగా బిగిస్తే గోడ ఎత్తుగా అనిపిస్తుంది.

డిజైనర్లు 60-30-10 అని ఒక లెక్క చెబుతుంటారు. ఇక్కడైతే తెలుపు 60, గ్రే 30 అనుకోవచ్చు. మిగిలిన 10 ఏంటనేదే కీలకం. అది లేకపోతే ఇల్లు ఆఫీసులా ఉంటుంది. దీనికోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు.. ఎరుపు, నలుపు పోచంపల్లి ఇక్కత్ కుషన్ కవర్లు, అరలో నాలుగు కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు చాలు. గడపకి పసుపు, గుమ్మానికి మామిడి తోరణం ఎలాగూ ఉంటాయి. గ్రే ముందు ఇవి ఇంకా బాగా ఎలివేట్ అవుతాయి.

అద్దె ఇల్లయితే గోడల జోలికి వెళ్లకపోవడమే బెటర్. ఖాళీ చేసేటప్పుడు చాలాచోట్ల ఓనర్లు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె ఎలాగూ పట్టుకుంటారు. గ్రే రగ్గు, తెల్ల కర్టెన్లు, సోఫాకి గ్రే కవర్.. ఇవైతే వచ్చే ఇంటికి కూడా తీసుకెళ్లొచ్చు. సొంతిల్లయితే మాత్రం షేడ్ పేరు, కోడ్ నంబర్, వేసిన తేదీ ఒక చీటీ మీద రాసి బీరువా తలుపు లోపల అంటించి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత టచప్ కావాలంటే పెయింటర్ అడిగే మొదటి ప్రశ్న అదే.