కారు ఏసీ కంప్రెషర్: పోయిందని తేల్చే ముందు, మార్చే ముందు



మన హాస్టల్‌లో చదివే వారిలో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు బండి మీద బతికేవారే. పటాన్‌చెరు నుండి సంగారెడ్డి దాకా 65వ నంబరు జాతీయ రహదారి వెంట షిఫ్టు షిఫ్టుకూ కిరాయి కార్లు తిరుగుతూనే ఉంటాయి. మా నాయన కూడా అలాంటి కారే నడుపుతాడు. ఎండాకాలంలో ఏసీ లేకపోతే కిరాయి లేదు. కిరాయి లేకపోతే కిస్తీ కట్టలేం.

మా కారుకు మూడేళ్ళపాటు ప్రతి మార్చిలో గ్యాస్ కొట్టించాము. నాలుగో ఏడు కంప్రెషర్ పట్టేసింది. ఒక షెడ్డులో సెకండ్‌హ్యాండ్‌ది వేయించాము. నలభై రోజులకు అదీ పోయింది. "నువ్వు ఫిజిక్స్ చదువుతున్నవు గదరా, గిది ఎందుకు పోతున్నదో చెప్పు" అన్నాడు నాయన. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాళ్ళం మేమే. కానీ జవాబు చెప్పలేకపోయాము. రుద్రారంలో రోడ్డు పక్కన షెడ్డు నడిపే ఒక మెకానిక్ అన్న చెప్పాడు. ఆయన చదివింది ఏడో తరగతి. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాము.

ఏసీ ఎలా పనిచేస్తుంది?

మట్టికుండలో నీళ్ళు చల్లబడటం మనకు తెలుసు. పైకి ఊరిన తడి ఆవిరవుతూ కుండలోని వేడిని లాక్కుంటుంది. ఇంటర్‌లో చదువుకున్న బాష్పీభవన గుప్తోష్ణం ఇదే. కారులో నీటికి బదులు ఆర్-134ఏ అనే గ్యాస్ ఉంటుంది. డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో అది ఆవిరై వేడిని తీసుకుంటుంది. కంప్రెషర్ ఆ ఆవిరిని నొక్కి ముందున్న కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ వేడిని బయటికి వదిలి ద్రవంగా మారుతుంది. మధ్యలో డ్రయ్యర్ తేమను పీల్చుకుంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు పీడనాన్ని తగ్గిస్తుంది.

గమనించండి, ఈ గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. ఏటేటా తగ్గుతున్నదంటే ఎక్కడో లీకున్నట్లే. పైగా కంప్రెషర్‌కు కావలసిన నూనె గ్యాస్‌తోపాటే తిరుగుతుంది. గ్యాస్ తగ్గితే నూనె కంప్రెషర్‌కు సరిగా చేరదు. మా మొదటి కంప్రెషర్ అలాగే పోయింది. లీకు వెతకకుండా మూడేళ్ళు గ్యాస్ నింపడమే మేము చేసిన తప్పు.

నిజంగా కంప్రెషరే పోయిందా?

ఏసీ స్విచ్ వేసినా క్లచ్ 'టక్' మని పట్టకపోతే ముందు ఫ్యూజు, రిలే, క్లచ్ కాయిల్‌కు కరెంటు చూడాలి. గ్యాస్ బాగా తగ్గినా ప్రెషర్ స్విచ్ క్లచ్‌ను పట్టనివ్వదు. ఏసీ ఆపినా శబ్దం వస్తుంటే అది పుల్లీ బేరింగ్ కావచ్చు. ఏసీ వేసినప్పుడే గరగరమంటే కంప్రెషర్ లోపలిని అనుమానించాలి. జాయింట్ల దగ్గర నూనె జిడ్డుకు దుమ్ము పట్టి ఉంటే అక్కడ లీకు.

తరువాత గేజీలు. ఇంజను చల్లగా ఉండి, బయట 35 డిగ్రీలుంటే రెండు సూదులూ 115 పీఎస్ఐ దగ్గర నిలవాలి. అంతకు బాగా తక్కువైతే గ్యాస్ లేదు. అయితే 115 ఉన్నంత మాత్రాన నిండుగా ఉన్నట్లు కాదు. లోపల కొంచెం ద్రవం మిగిలినా పీడనం అంతే చూపుతుంది. ఏసీ నడుస్తుండగా లో సైడు సుమారు 30-45, హై సైడు 200-250 ఉంటే మంచిది. రెండూ తక్కువైతే గ్యాస్ కొరత. లో సైడు సున్నా కిందికి పోతే ఎక్కడో అడ్డు. లో సైడు ఎక్కువగా, హై సైడు తక్కువగా ఉంటే కంప్రెషర్ నొక్కడం లేదని అర్థం.

మార్చేటప్పుడు

1. గ్యాస్‌ను మిషనుతో తీయాలి, గాలిలోకి వదలకూడదు. అది మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. చర్మానికి, కంటికి తగిలితే ప్రమాదం. పూర్వపు ఆర్-12 ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం ద్వారా మాన్పించారు. 134ఏ ఓజోన్‌ను చెరపదు గాని, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు వెయ్యి రెట్లకు పైనే. అందుకే ఇలాంటి గ్యాసులను తగ్గించే 2016 కిగాలి సవరణను మన దేశం 2021లో ఆమోదించింది.

2. విప్పిన పైపులకు వెంటనే మూతలు పెట్టాలి. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

3. పాత నూనె నల్లగా ఉన్నా, ఇనుప రజను కనిపించినా పైపులు, కూలింగ్ కాయిల్ ఫ్లషింగ్ చేయాలి. సన్నని గొట్టాల కండెన్సర్ పూర్తిగా కడగబడదు, మార్చడమే మేలు. డ్రయ్యర్ తప్పక కొత్తది వేయాలి.

4. కంపెనీ చెప్పిన రకం నూనె, కొలత ప్రకారమే పోయాలి. ఓ రింగులు కొత్తవి వేసి, క్లచ్ ప్లేటును చేత్తో పదిసార్లు తిప్పాలి.

5. కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి, పంపు ఆపాక సూది కదలకుండా ఉందో లేదో చూడాలి. గ్యాస్‌ను బానెట్ కింద స్టిక్కరు మీదున్న బరువు ప్రకారం తూకం వేసి ఎక్కించాలి.

కరెంటు కార్లలో కంప్రెషర్ హై ఓల్టేజితో నడుస్తుంది. నారింజ రంగు వైర్లను శిక్షణ లేనివారు ముట్టుకోవద్దు.

మా రెండో కంప్రెషర్ ఎందుకు పోయిందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. మొదటిదాని ఇనుప రజను పైపుల్లో మిగిలి దీన్నీ తినేసింది. డ్రయ్యర్ పాతదే ఉంచారు. ఆ అన్న కండెన్సర్, డ్రయ్యర్, కంప్రెషర్ మూడూ మార్చి లీకు కట్టాడు. నాలుగు నెలల కిస్తీ అంత ఖర్చయింది. రెండు ఎండాకాలాలు గడిచాయి, మళ్ళీ గ్యాస్ కొట్టించలేదు.

తమ్ముళ్ళారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీవాళ్ళ బండి షెడ్డుకు పోతే మీరూ వెంట పోండి. "గేజీ ఎంత చూపింది? లీకు ఎక్కడుంది? డ్రయ్యర్ మార్చారా?" అని మర్యాదగా మూడు మాటలు అడగండి. మనం హాస్టల్ అన్నం తిని చదివిన చదువు మార్కుల మెమోలోనే ఉండిపోకూడదు. నాయన అడిగిన ప్రశ్నకు మేము ఏడాది ఆలస్యంగా జవాబు చెప్పగలిగాము. మీరు ఆలస్యం చేయరని మా ఆశ.